పాత మేడలో హాలుకీ డైనింగుకీ మధ్య ఉన్న బరువు మోసే గోడ తీయాలి: బీము, పిల్లర్లు, ప్రాప్‌లు (తాత్కాలిక నిలువు ఆధారాలు) ఎలా?

గుంటూరు_మేడ:
అందరికీ నమస్కారం. 1984లో కట్టిన ఇల్లు, పిల్లర్లు లేవు, అంతా గోడల మీదే నిలబడింది. 1997లో పైన ఇంకో అంతస్తు వేశారు. కింద హాలు, డైనింగు రెండూ 12 x 14 అడుగులు. మధ్యలో 14 అడుగుల పొడవున 9 అంగుళాల ఇటుక గోడ ఉంది, సిమెంటు మాలుతో కట్టింది. స్లాబు 5 అంగుళాలు, అడుగు భాగం ఎత్తు 10 అడుగులు. పై అంతస్తులో సరిగ్గా ఇదే గోడ మీద ఇంకో 9 అంగుళాల గోడ, దాని మీద టెర్రస్ స్లాబు ఉన్నాయి. ఈ గోడలో 10 అడుగుల ఖాళీ కావాలి. మేస్త్రి గారు స్లాబు కింద గోడ కొట్టి 9 అంగుళాల ఎత్తున కాంక్రీటు బీము పోద్దాం, వారం పని అంటున్నారు. ఇది సరిపోతుందా? ఏమేం చూసుకోవాలి?

తాపీగా:
ముందు ఆ గోడ మీద ఏముందో తేల్చుకోండి. స్లాబు రెండు గదుల మీదుగా ఒకటే పోత అయితే, మధ్య గోడ మీద ఇనుము స్లాబు పైభాగంలో ఉంటుంది, గది మధ్యలో అడుగున ఉంటుంది. ఆ రోజుల్లో కింది చువ్వల్లో సగం గోడ దగ్గరికి రాగానే పైకి వంచేవారు. పైన ఉన్న ఆ చువ్వలు కూడా గోడకు రెండు పక్కలా గది వెడల్పులో పావు వంతు దాకానే వెళ్తాయి, అంటే మీకు 3 అడుగులు.

గోడ తీసేసి కింద ఏమీ పెట్టకపోతే 12 అడుగుల స్లాబు 24 అడుగులది అవుతుంది. పొడవు రెట్టింపైతే స్లాబుని వంచే ప్రభావం (బెండింగ్ మూమెంట్) నాలుగు రెట్లు. పైగా ఇప్పుడు గోడ ఉన్న చోటే అడుగు ఇనుము కావాలి, అక్కడ ఉన్నదే తక్కువ. అందుకే బీము గోడ గీత మీదే రావాలి. "ఒక అడుగు పక్కకి జరుపుదాం, అందంగా ఉంటుంది" అంటే ఒప్పుకోకండి.

ఒకటి అడుగుతాను. పైన నీళ్ళ ట్యాంకు ఎక్కడుంది? బాత్రూం పైపులు ఈ గోడలోంచి వస్తున్నాయా?

గుంటూరు_మేడ:
ట్యాంకు 1000 లీటర్లది, ఈ గోడకి ఓ 4 అడుగుల దూరంలో టెర్రస్ మీద ఉంది. గోడలో కరెంటు పైపులు మాత్రమే ఉన్నాయి, నీళ్ళ పైపులు లేవు.

కొలతబద్ద:
బరువు లెక్క వేసి చూద్దాం, అప్పుడే 9 అంగుళాల బీము సంగతి తేలుతుంది. అడుగుల్లోనే చెప్తున్నాను.

పై అంతస్తు నేల (అంటే మీ హాలు స్లాబు): 5 అంగుళాల స్లాబు చదరపు అడుగుకి 29 కిలోలు, టైల్సూ వాటి కింది మాలూ 12, మనుషులూ సామానూ ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువుల కోడ్) ప్రకారం చ.మీ.కి 200 కిలోలు, అంటే 19. మొత్తం 60.

టెర్రస్: స్లాబు 29, వాటర్‌ప్రూఫింగ్ పూతలు 14, ఎక్కి తిరిగే టెర్రస్‌కి 14. మొత్తం 57.

మధ్య గోడకి అటు సగం గది, ఇటు సగం గది కలిపి 12 అడుగుల వెడల్పు వస్తుంది. స్లాబు రెండు గదుల మీద ఏకంగా ఉంటే మధ్య ఆధారానికి పాతిక శాతం ఎక్కువ పడుతుంది కాబట్టి 15 అడుగులుగా తీసుకోవాలి. అప్పుడు గోడ పొడవు ప్రతి అడుగుకీ:

నేల స్లాబు 900 కిలోలు,
టెర్రస్ స్లాబు 855,
పై గోడ ప్లాస్టరింగుతో కలిపి 475,
బీము సొంత బరువు 30.

దాదాపు 2.25 టన్నులు. 10 అడుగుల ఖాళీకి ఆధారం మధ్యల మధ్య 10 అడుగుల 9 అంగుళాలు లెక్కేస్తే మొత్తం 24 టన్నులు, ఒక్కో చివర 12 టన్నులు. గదులు చతురస్రానికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి స్లాబు రెండు దిక్కులా పనిచేస్తే స్లాబు వాటాలో పావు వంతు దాకా తగ్గవచ్చు. కానీ లోపలి ఇనుము ఎటు ఉందో చూడకుండా ఆ తగ్గింపు తీసుకోకూడదు.

ఇనపదూలం:
కొలతబద్ద గారి లెక్క సరిగా ఉంది. దాని మీద నుంచి బీము చెప్తాను.

బీముని వంచే ప్రభావం (బెండింగ్ మూమెంట్) సుమారు 10 టన్ను-మీటర్లు. 250 గ్రేడు స్టీలుకి పాత పద్ధతి అనుమతి (చ.మి.మీ.కి 165 న్యూటన్లు) తీసుకుంటే సెక్షన్ మాడ్యులస్ (వంపుని తట్టుకునే శక్తికి కొలత) సుమారు 600 ఘన సెం.మీ. కావాలి. బజారులో దొరికే ఐ-సెక్షన్లు (ఐ అక్షరం ఆకారపు ఉక్కు దూలాలు, ఐఎస్‌ఎంబీ పక్కన అంకె మి.మీ.లలో ఎత్తు) చూస్తే:

ఐఎస్‌ఎంబీ 300 ఒక్కటి: 573. చాలదు.
ఐఎస్‌ఎంబీ 350 ఒక్కటి: 779. బలం చాలు, మీటరుకి 52.4 కిలోలు. కానీ పై పట్టీ 140 మి.మీ. మాత్రమే. దాని మీద 230 మి.మీ. గోడ బరువు రావాలి, మీ ఎత్తులో 14 అంగుళాలు పోతాయి.
ఐఎస్‌ఎంబీ 225 రెండు పక్కపక్కన: 612. అంచు మీద నిలుస్తుంది. వంగడం 8 మి.మీ. దాకా.
ఐఎస్‌ఎంబీ 250 రెండు పక్కపక్కన: 821. మీటరుకి 37.3 కిలోల చొప్పున రెండు. వంగడం 5.5 మి.మీ. లోపు, అంటే పొడవులో 600వ వంతు.

పగుళ్ళు వచ్చే పనులకి ఉక్కు కట్టడాల కోడ్ ఐఎస్ 800 పొడవులో 360వ వంతు దాకా ఒప్పుకుంటుంది, మీకు అది 9 మి.మీ. అవుతుంది. కానీ పైన ఇప్పటికే నిలబడి ఉన్న ఇటుక గోడ 9 మి.మీ. దిగితే మెట్లు మెట్లుగా పగిలిపోతుంది. అందుకే రెండు 250లు నా ఎంపిక. రెండు కలిపితే 250 మి.మీ. వెడల్పు వస్తుంది. ఇటుక 230 కాబట్టి అటూ ఇటూ 10 మి.మీ. ప్లాస్టరింగులో కలిసిపోతుంది. 11 అడుగుల 6 అంగుళాల ముక్కలు రెండు, మొత్తం 260 కిలోల స్టీలు.

9 అంగుళాల ఎత్తున్న కాంక్రీటు బీము ఈ బరువుకి చాలనే చాలదు. ఎత్తు పెంచినా పాత స్లాబు కింద కాంక్రీటు బీముకి ఇంకో చిక్కుంది. పైనుంచి పోయడానికి దారి లేదు, పక్క నుంచి తోసిన కాంక్రీటు స్లాబు అడుగుని పూర్తిగా అంటదు. ఆరేటప్పుడు కుంచించుకుపోయి సన్నటి సందు మిగులుతుంది. ప్రాప్‌లు తీసిన రోజు స్లాబు ఆ సందు మేర దిగి, ఆపైన బీము వంగినంత మేరా దిగుతుంది. గట్టిపడేదాకా మూడు నాలుగు వారాలు ఇంటిని ప్రాప్‌ల మీద ఉంచాలి కూడా.

గుంటూరు_మేడ:
అంటే ఐఎస్‌ఎంబీ 250 రెండు. చివర్లు మిగిలిన 2 అడుగుల గోడ ముక్కల మీద కూర్చోబెడితే చాలా? కింద బెడ్ బ్లాక్ (బరువుని పరిచే కాంక్రీటు దిమ్మ) పోస్తాం.

కొలతబద్ద:
చాలదండీ. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చాలామంది బీము సైజు గురించి పది రోజులు మాట్లాడతారు, చివర్ల గురించి ఒక్క మాట మాట్లాడరు.

మీ గోడ మీద ఇప్పుడున్న ఒత్తిడి చూడండి. అడుగుకి 2.25 టన్నులు, 9 అంగుళాల మందం. చ.సెం.మీ.కి 3.2 కిలోలు. 35 కిలోల బలమున్న ఇటుకకి ఇటుక గోడల కోడ్ ఐఎస్ 1905 ఇచ్చే మూల అనుమతి 3.5 కిలోలు. మన దగ్గర పాత బట్టీ ఇటుకలు అంతకు మించి బలం ఉంటాయనుకోకూడదు, పరీక్ష చేయిస్తే తప్ప. అంటే గోడ ఇప్పటికే దాదాపు నిండుగా మోస్తోంది. ఆ 2 అడుగుల ముక్క తన మీద బరువు మోస్తూనే, బీము నుంచి వచ్చే 12 టన్నులు కూడా మోయాలి. పక్క గోడ మందం కలుపుకుని 83 సెం.మీ. పొడవు బెడ్ బ్లాక్ పోసినా కొత్త బరువే చ.సెం.మీ.కి 6 కిలోల పైన వస్తుంది. పాతది కలిపితే 9. ఒక చోట పడే బరువుకి కోడ్ ఇచ్చే సడలింపు వాడుకున్నా ఇది నిలవదు.

ఖాళీని 8 అడుగులకు తగ్గించి, రెండు వైపులా 3 అడుగుల ముక్కలు వదిలినా మొత్తం 7 దాకా వస్తుంది. రెండంతస్తుల ఇంట్లో పిల్లర్లు తప్పవు.

ఒకే అంతస్తు ఇల్లయితే కథ వేరు. గోడ మీద టెర్రస్ స్లాబు ఒక్కటే కాబట్టి అడుగుకి 0.9 టన్ను. 8 అడుగుల ఖాళీకి ఒక్కో చివర 4 టన్నుల లోపు. అక్కడ ఐఎస్‌ఎంబీ 200 రెండు, 2 అడుగుల పొడవు 9 అంగుళాల ఎత్తు కాంక్రీటు బెడ్ బ్లాక్ సరిపోతాయి. చదివేవాళ్ళు ఈ రెంటినీ కలిపేయకండి.

తాపీగా:
> పై గోడ ప్లాస్టరింగుతో కలిపి 475

ఇది మొత్తం గోడకి వేశారు. లింటెల్ మీద 60 డిగ్రీల త్రికోణం మేర ఇటుకే లెక్కలోకి వస్తుంది కదా, మిగతాది కమానులా పక్కలకి వెళ్తుంది. బరువు తగ్గుతుందేమో?

ఇనపదూలం:
ఇక్కడ వర్తించదు. త్రికోణం లెక్కకి రెండు షరతులున్నాయి. ఖాళీ మీద గోడ ఏకధాటిగా ఉండాలి, రెండు పక్కలా తోపుని తట్టుకునేంత గోడ ఉండాలి. మీ బీముకీ పై గోడకీ మధ్య స్లాబు ఉంది. టెర్రస్ స్లాబు బరువు పై గోడ నెత్తి మీద పొడవునా పడుతోంది. పై గోడలో తలుపు ఉందంటే కమాను అక్కడే తెగిపోతుంది. పూర్తి బరువే తీసుకోండి.

ఓరుగల్లు_రాతికట్టు:
పిల్లర్లకు పునాది తవ్వుడు ఎందుకన్నా? గోడ తీసినంక దాని కింది రాతి పునాది ఖాళీగనే ఉంటది కదా. దాని మీద ప్లింత్ లెవెల్‌ల ఉల్టా బీము పోస్తే 12 టన్నులు రెండు దిక్కుల నుంచి వచ్చి మళ్ళ పొడవునా పంచుకపోతయి. పాత పునాదికి పాత బరువే పడుతది. మట్టికి కొత్త బరువు లేదు.

ఇనపదూలం:
ఆలోచన నిజంగా మంచిది, మట్టి విషయంలో ఇంతకన్నా నమ్మకమైనది లేదు. 9 x 24 అంగుళాల బీము, ఎం20 కాంక్రీటు, 16 మి.మీ. చువ్వలు నాలుగు పెడితే సరిపోతుంది. చువ్వలు పైన రావాలి, ఎందుకంటే బీము కింద నుంచి మట్టి పైకి తోస్తుంది, మధ్యలో పైకి ఉబ్బుతుంది. అలవాటుగా అడుగున కట్టేస్తే పనికిరాదు.

అయితే ఆ బీము తయారై గట్టిపడ్డాకే పై బరువు పిల్లర్ల మీదికి రావాలి. అప్పటిదాకా గోడ అక్కడే ఉండాలి. గోడ కింద 3 అడుగుల ముక్కలు ముక్కలుగా తొలిచి పోసుకుంటూ రావాలి, ప్రతి అతుకు దగ్గరా చువ్వలు కలపాలి. అనుభవమున్న ముఠా లేకపోతే ఇల్లే కదులుతుంది. నల్లరేగడి నేలయి, కొత్త ఫుటింగు (పిల్లరు కింది పునాది దిమ్మ) దిగుతుందని భయముంటే మాత్రం దీన్ని ఆలోచించాలి. మామూలు నేలకి విడి ఫుటింగులే సులువు.

విడి ఫుటింగు లెక్క: 12.1 టన్నులు, పిల్లరూ ఫుటింగూ బరువు ఒక టన్ను. నేల చ.మీ.కి 12 టన్నులు మోస్తుందనుకుంటే 3.5 x 3.5 అడుగులు చాలు. నేల బలం అంతకన్నా తక్కువైతే సైజు పెరుగుతుంది. పాత పునాది అడుగుమట్టం కన్నా లోతుకి తవ్వకండి, పక్క గోడ కింద మట్టి జారుతుంది. ఒక చివర గొయ్యి తవ్వి, పోసి, వారం తర్వాతే రెండో చివర ముట్టుకోండి.

పిల్లరు కాంక్రీటు కన్నా స్టీలుదే మేలు, క్యూరింగు కోసం ఆగక్కర్లేదు. ఐఎస్‌ఎంసీ 150 చానళ్ళు రెండు ఎదురెదురుగా వెల్డింగు చేస్తే 6 x 6 అంగుళాల పెట్టె అవుతుంది, 9 అంగుళాల గోడలో కనపడకుండా దాక్కుంటుంది. కింద 12 x 12 అంగుళాల, 16 మి.మీ. ప్లేటు, 16 మి.మీ. యాంకర్ బోల్టులు నాలుగు, ప్లేటు కింద అంగుళం మందాన కుంచించుకుపోని గ్రౌటు. పైన 16 మి.మీ. టోపీ ప్లేటు, రెండు బీములూ పూర్తిగా కూర్చునేంత వెడల్పు ఉండాలి. బీము ఆధారం మీద కూర్చునే చోట నడుము పట్టీకి రెండు పక్కలా 10 మి.మీ. స్టిఫెనర్లు (నడుము నలగకుండా నిలువుగా పెట్టే ప్లేట్లు) వెల్డ్ చేయించండి.

గుంటూరు_మేడ:
చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇప్పుడు అసలు పని. స్లాబు కింద ప్రాప్‌లు పెట్టి గోడ మొత్తం కొట్టి, తర్వాత బీములు ఎక్కించాలా?

తాపీగా:
వద్దు! రెండంతస్తుల ఇంట్లో ఆ పద్ధతి అస్సలు పనికిరాదు. ప్రాప్‌లు గోడకి రెండున్నర అడుగుల దూరంలో ఉంటాయి. అవి స్లాబుని మోస్తాయి. కానీ పై గోడ స్లాబు మీద సరిగ్గా ఈ గోడ నెత్తినే ఉంది. కింది గోడ తీయగానే పై గోడ 5 అడుగుల స్లాబు మధ్యలో వేలాడుతుంది. 5 అంగుళాల స్లాబు, అడుగుకి 475 కిలోల గోడ, మధ్యలో అడుగు ఇనుము తక్కువ. ఊహించుకోండి.

చేయవలసింది ఒకవైపు సగం గోడ తొలిచి ఒక బీము, రెండోవైపు సగం తొలిచి రెండో బీము. రెండు ఐ-సెక్షన్లు ఎంచుకోవడంలో ఉన్న లాభం ఇదే. వరుస చెప్తాను.

మొదట పై ఇల్లు ఖాళీ చేయండి. మనుషులు అక్కడ ఉండకూడదు, బీరువాలు దించేయాలి. ట్యాంకు ఖాళీ చేస్తే ఒక టన్ను పోతుంది. గోడలో కరెంటు లైను మెయిన్ దగ్గర విడదీయండి.

తర్వాత ప్రాప్‌లు. గోడకి రెండు పక్కలా రెండున్నర అడుగుల దూరంలో వరుస. స్లాబు పై ఇనుము 3 అడుగుల దాకానే ఉంటుందని ముందే చెప్పాను కదా, ఆ హద్దు దాటకూడదు. వరుసలో 2 అడుగులకొకటి, 14 అడుగులకి 8. పై అంతస్తులో కూడా టెర్రస్ స్లాబు కింద ఇవే కొలతలతో, కింది ప్రాప్‌ల నెత్తి మీదే వచ్చేలా పెట్టాలి. మొత్తం 32. ముందు కింద పెట్టి, తర్వాత పైన. సరుగుడు బాదులు వద్దు, స్క్రూ ఉన్న ఇనుప ప్రాప్‌లే తెండి. వంకరగా ఉన్నవి, పిన్ను బదులు చువ్వ ముక్క దూర్చినవి వెనక్కి పంపేయండి.

ప్రాప్‌ల నెత్తిన పొడవునా 4 x 4 అంగుళాల చెక్క లేదా ఐఎస్‌ఎంసీ 100 చానలు. కింది ప్రాప్‌ల అడుగున 9 x 2 అంగుళాల పలక పొడవునా. పాత ఇళ్ళలో టైల్సు కింద నింపుడు మట్టి ఉంటుంది. పలక లేకపోతే ప్రాప్ అడుగు టైలుని పగలగొట్టుకుని లోపలికి దిగుతుంది, పైన ఎంత బిగించినా వదులైపోతుంది.

కొలతబద్ద:
ఆ ప్రాప్‌ల మీద బరువు కూడా చెప్తాను, ఎందుకు 2 అడుగులో తెలుస్తుంది. మనుషులూ సామానూ లేకుండా రెండు స్లాబుల బరువు గోడ అడుగుకి 1260 కిలోలు. రెండు వరుసలు పంచుకుంటే 630. 2 అడుగులకొకటి చొప్పున కింది ప్రాప్ ఒక్కోదాని మీద 1260 కిలోలు. 10 అడుగుల ఎత్తుకి సాగదీసిన ప్రాప్‌కి ఇది నిండు బరువు. 3 అడుగులకొకటి పెడితే 1.9 టన్నులు, అక్కడే వంగుతాయి. కొనే ముందు, అద్దెకి తెచ్చే ముందు ఆ ఎత్తుకి ఎంత మోస్తాయో అడగండి. అంతకన్నా తక్కువైతే వరుసలు పెంచాలి. 5 అడుగుల ఎత్తున పొడవునా, అడ్డంగా పైపులతో క్లాంపు చేసి కట్టేస్తే ప్రాప్‌లు పక్కకి ఉబ్బవు.

తాపీగా:
కొనసాగిస్తున్నాను.

పిల్లర్లు: ఖాళీ రెండు చివర్లా, ముందు ఒకవైపు, గోడలో 12 అంగుళాల వెడల్పు నిలువు గాడి. ఫుటింగు పోసి, స్టీలు పిల్లరు నిలబెట్టి, తూకం చూసి, గ్రౌటు చేయాలి. గాడిలో పిల్లరు చుట్టూ ఉన్న సందు కాంక్రీటుతో నింపేయాలి, లేకపోతే పక్క ఇటుకలు వదులవుతాయి. తర్వాత రెండో చివర.

మొదటి బీము: హాలు వైపు స్లాబు అడుగు నుంచి 12 అంగుళాల ఎత్తు, నాలుగున్నర అంగుళాల లోతు, పొడవు 11 అడుగుల 8 అంగుళాల గాడి. డైమండ్ బ్లేడు ఉన్న కటింగ్ మిషన్‌తో పైనా కిందా గీత కోసి, ఉలితో తీయండి. బ్రేకర్ మిషన్ ఇక్కడ వాడనివ్వకండి. పాత గోడలో ఇటుకలు అడ్డంగా మందమంతా పోయి ఉంటాయి, బ్రేకర్ దెబ్బకి అవతలి సగం కూడా కదిలిపోతుంది. ఇప్పుడు స్లాబులు ప్రాప్‌ల మీద ఉన్నాయి కాబట్టి మిగిలిన సగం గోడ మీద ముఖ్యంగా పై గోడ బరువే ఉంటుంది. దానికి ఆ సగం చాలు.

బీము 130 కిలోలు. రెండు మంచెలు, ఆరుగురు మనుషులు ఉంటే పక్క నుంచి గాడిలోకి జరుగుతుంది. ముందే రెడ్ ఆక్సైడ్ కొట్టించండి, లోపలికి వెళ్ళాక బ్రష్ అందదు. పదకొండున్నర అడుగుల బీము మీ వాకిట్లోంచి తిరిగి హాల్లోకి వస్తుందో లేదో కొలిచి చూడండి.

బీము నెత్తికీ స్లాబుకీ మధ్య అంగుళం సందు ఉంచాలి. అడుగుకొక చోట రెండేసి ఉక్కు వెడ్జీలు ఎదురెదురుగా దూర్చి, మధ్య నుంచి చివర్లకి కొట్టుకుంటూ వెళ్ళండి. తర్వాత ఆ సందంతా కుంచించుకుపోని గ్రౌటు లేదా 1:2 పొడి మాలు, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలిచేంత తడి, చెక్క ముక్కతో గట్టిగా దట్టించాలి. గ్రౌటైతే మూడు రోజులు, పొడి మాలైతే ఏడు రోజులు ఆగాలి. ఆ తర్వాతే డైనింగు వైపు సగం ముట్టుకోవాలి.

ఇనపదూలం:
వెడ్జీల మాట మీద ఒక్కటి జోడిస్తాను. అదంతా సందు మూయడానికి మాత్రమే కాదు. బీముకి బరువు పడితే 5 మి.మీ. వంగుతుంది, అందులో నాలుగు ఎప్పుడూ ఉండే బరువు వల్ల. వెడ్జీలు బిగిస్తే గోడ తీయకముందే బీము కొంత వంగి సిద్ధంగా ఉంటుంది. బీము కింద చివరి నుంచి చివరికి దారం కట్టి, మధ్యలో 2 మి.మీ. దిగేదాకా బిగించండి, అక్కడ ఆపండి. పై గదిలో ఒక మనిషిని నిలబెట్టి గోడనీ టైల్సునీ చూడమనండి. స్లాబు పైకి లేస్తున్న గుర్తు ఏది కనిపించినా ఒక్క దెబ్బ ఎక్కువ వద్దు.

రెండో బీము కూర్చున్నాక రెంటినీ కలపాలి. ప్రతి రెండున్నర అడుగులకీ నడుముల్లోంచి 16 మి.మీ. బోల్టు, మధ్యలో 118 మి.మీ. పొడవు పైపు ముక్క. రెండో బీము గాడిలో ఉన్నాక నట్టు తిప్పే చోటు రెండువైపులా అందుతుంది. రంధ్రాలు మాత్రం వర్క్‌షాపులోనే వేయించాలి, రెంటికీ ఒకే మూసతో.

మిద్దెటిల్లు:
కర్నూలు, కడప వైపు రాతి బండల మిద్దెలు ఉన్నవాళ్ళు ఇదంతా చదివి అలాగే చేసేయకండి. బండ కప్పులో మధ్య గోడ మీద రెండు వైపుల బండల కొసలు ఎదురెదురుగా నాలుగేసి అంగుళాల చొప్పున కూర్చుంటాయి. స్లాబులా కలిసి ఉండవు, ఇనుము లేదు. సగం గోడ తొలిస్తే ఆ వైపు బండల ఆధారమే పోతుంది. అక్కడ ప్రతి బండకీ కొస దగ్గరే, గోడకి అడుగు లోపు ప్రాప్ కావాలి. టేకు దూలాల మద్రాస్ టెర్రస్‌లోనూ అంతే, ప్రతి దూలం కింద విడిగా ప్రాప్. ఒక్కో దూలం కొస గోడలో పుచ్చి ఉందేమో సూదితో పొడిచి చూడాలి. ఇక గోడ మట్టితో కట్టినదైతే గాడి కొట్టే పనే పెట్టుకోవద్దు. మట్టి కట్టుబడిలో సగం మందం నిలబడదు.

ఓరుగల్లు_రాతికట్టు:
నిజం. మా దిక్కు పాత ఇండ్లల్ల పైకి సిమెంటు పూత ఉంటది, లోపల చూస్తే మట్టే. గోడ మూల దగ్గర రెండు ఇటుకల మేర పూత తీసి, మాలులోకి స్క్రూ డ్రైవర్ గుచ్చుండ్రి. అలకగ దిగిపోతే మట్టి అనుకోవాలె.

గుంటూరు_మేడ:
మాది సిమెంటు మాలే, గీకితే రాలడం లేదు. రెండు బీములూ పడ్డాక గోడ ఎలా తీయాలి? ప్రాప్‌లు ఎప్పుడు?

తాపీగా:
రెండో వైపు గ్రౌటు కూడా మూడు రోజులు ఆరాక, గోడని పై వరుస నుంచి కిందికి, వరుస తర్వాత వరుస తీయండి. మధ్యలో కన్నం పెట్టి సమ్మెటతో పడేయడం వద్దు, పెద్ద ముక్క ప్రాప్ మీద పడితే ప్రాప్ జారుతుంది. దాదాపు 2 ఘనపు మీటర్లు, నాలుగు టన్నుల శిథిలం వస్తుంది. హాలు మధ్యలో కుప్ప పోయకుండా ఏ పూటది ఆ పూట బయటికి పంపేయండి.

ప్రాప్‌లు గోడ తీసిన రోజే తీయకండి. రెండు రోజులు ఆగి, పై అంతస్తువి ముందు వదలాలి. ప్రతి దాన్నీ అర చుట్టు తిప్పుతూ, మధ్య నుంచి చివర్లకి, వరుస మొత్తం ఒక విడత. తర్వాత మళ్ళీ మొదటి నుంచి. అవి పూర్తిగా వదిలాక కిందివి కూడా అదే పద్ధతిలో. కిందివి ముందు తీస్తే టెర్రస్ బరువు పై ప్రాప్‌ల గుండా దిగి కింది స్లాబుని రెండు చోట్ల పొడుస్తుంది.

కొలతబద్ద:
పని మొదలుపెట్టే ముందే పై గోడ మీద, కింది పక్క గోడల మీద ఉన్న పాత పగుళ్ళని ఫోటో తీసి, వాటి మీద పలుచటి గాజు ముక్కలు సిమెంటుతో అతికించండి. పగులు ఒక్క పిసరు కదిలినా గాజు విరుగుతుంది. పని జరుగుతుండగా ఇవి గమనించండి: పై గది తలుపు కొత్తగా పట్టేయడం, బీము చివర కింద ఇటుక పొడి రాలడం, పై గోడ మీద మూల నుంచి మెట్లలా వెళ్ళే పగులు, పై టైల్సులో గోడ వెంబడి సన్నటి గీత. ఏది కనిపించినా పని ఆపి, ప్రాప్‌లు మళ్ళీ బిగించి, ఇంజినీరుని పిలవాలి. పూతతో కప్పేయడం మాత్రం చేయొద్దు.

ఇనపదూలం:
ఇంకో విషయం మర్చిపోకూడదు. గుంటూరు, విజయవాడ ప్రాంతం ఐఎస్ 1893:2016 పటంలో భూకంపాల జోన్ 3. పిల్లర్లు లేని ఇల్లు పక్క ఊపుని గోడల పొడవుతోనే తట్టుకుంటుంది. ఈ దిక్కున 14 అడుగుల గోడలో 10 అడుగులు పోతోంది. అదే దిక్కున మిగిలిన గోడల్లో కిటికీలు తలుపులు ఎన్ని ఉన్నాయో లెక్క చూడాలి. అవి కూడా చిల్లులమయంగా ఉంటే, స్టీలు పిల్లర్లనీ బీమునీ గట్టి జాయింటుతో ఫ్రేములా చేయించాలి లేదా ఖాళీని 7, 8 అడుగులకి తగ్గించాలి. 10 అడుగుల మీద పట్టు పట్టకపోతే నేను 8 అడుగులే చెప్తాను. చూడ్డానికి తేడా పెద్దగా తెలియదు, చివరి బరువు 12 నుంచి 10 టన్నులకి దిగుతుంది, రెండు వైపులా 3 అడుగుల గోడ మిగులుతుంది.

మేమిచ్చిన అంకెలు మీరు చెప్పిన కొలతల మీద వేసినవి. స్ట్రక్చరల్ ఇంజినీరు ఇంటికి వచ్చి స్లాబు ఇనుము స్కానరుతో చూసి, పునాది దగ్గర ఒక గొయ్యి తవ్వించి, సంతకంతో డ్రాయింగు ఇవ్వాలి. మునిసిపాలిటీలో అడిగేది కూడా ఆ డ్రాయింగే.

గుంటూరు_మేడ:
8 అడుగులకి తగ్గిస్తాం. ఇంజినీరు గారిని ఈ ఆదివారం రమ్మన్నాం. ఆఖరుగా ఒకటి: బీము మీద ప్లాస్టరింగు నిలుస్తుందా?

తాపీగా:
నేరుగా కొడితే నిలవదు, స్టీలుకి మాలు పట్టదు. రెండు ఐ-సెక్షన్ల పక్క గుంతలు ఇటుక ముక్కలూ మాలుతో నింపి, చికెన్ మెష్‌ని బీముకి చుట్టి, రెండు చివర్లా పాత గోడ మీదికి 6 అంగుళాలు దాటేలా మేకులు కొట్టండి. మొదటి పూత 1:3 గరుకుగా, మర్నాడు రెండోది 1:4. స్లాబు అడుగుకీ బీముకీ కలిసే మూలలో కర్నీ అంచుతో సన్నటి గీత లాగి వదిలేయండి. కొద్దిగా కదలిక ఉంటే ఆ గీతలోనే తెలుస్తుంది, గోడ మీద అడ్డదిడ్డంగా పగలదు. ప్రాప్‌లు తీసిన మూడు వారాల తర్వాత పూత పూయించండి, పుట్టీ, పెయింటు ఆ తర్వాత.